దొడ్లో చీమలు

అక్కా,

ఈరోజు నాకు గాజులు తొడిగారు. నిన్ను కూర్చోబెట్టిన పీట మీదే నన్నూ కూర్చోబెట్టారు. పుంగనూరు పెద్దమ్మ చక్కెర పొంగలి నోటి దగ్గర పెడితే తల తిప్పేసుకున్నాను.

"కడుపుతో ఉండే పిల్లకి తీపి వద్దనేది యాడన్నా ఉండాదా?" అని విసుక్కుంది. అమ్మ గిన్నె పక్కకు తీసి, నా చేతిలో రాగిసంగటి ముద్ద పెట్టింది.

నాకూ చక్కెర జబ్బే అక్కా. దొడ్లో నువ్వు ఒంటేలుకు కూర్చున్న చోట చీమలు పడితే, "బిడ్డ తీపి అడగతాండాది" అని అమ్మ మురిసిపోయి రోజూ నీకు బెల్లం పాకం పెట్టింది కదా. కాన్పులో నువ్వూ బిడ్డా పోయాకే డాక్టరమ్మ జబ్బు సంగతి చెప్పింది. అందుకే నాకు చీమలు కనబడిన రోజే మదనపల్లె ఆస్పత్రికి బస్సెక్కాను. ఇన్సులిన్ సీసాను చల్లగా ఉండాలని తడి ఇసుక కుండలో పెట్టుకుని, రోజూ నా తొడకు నేనే సూది పొడుచుకుంటున్నాను. మా ఆయన కుప్పంలో పని వదిలి రాలేడు. ఇంట్లో ఎవరూ నీ పేరెత్తరు. భయమేస్తే ఎవరితో చెప్పుకోను?

రోజూ నేను దొడ్లోంచి వచ్చాక అమ్మ వెళ్తుంది. వంగి నేలంతా వెతుకుతుంది. ఈరోజు పేరంటాళ్లు వెళ్లాక కూడా వెళ్లింది. తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూ నా వైపు చూడకుండానే అంది.

"చీమలు లేవులే, పెద్దపాపా."

పెద్దపాపవి నువ్వు. అయినా నేనే "ఊ" అన్నాను.