కాటమయ్య కలిపిన కంటి మందు

మర్రిగూడ,
18 నవంబరు 2023.

ముద్దుల మనవరాలు గ్లోరీకి,

ఫోనులో చెబితే మీ అమ్మ వింటుంది. అందుకే రాస్తున్నాను.

పత్తి ఏరుతుంటే ఆకు గీసుకుని మీ అమ్మ నల్లగుడ్డు మీద లేచిన బూజు పుండు, నువ్వు పనిచేసే ఆసుపత్రిలో సూదిమందు పొడితో కలిపి ఇచ్చిన చుక్కలకే తగ్గుముఖం పట్టింది. అంగట్లో దొరికే మందు పనిచేయలేదు. ఇంతలో ఇంకెక్కడో కలిపిన మందు చెడి కొందరి చూపు పోయిందని మీ మందు కలిపే గదిని మూయించారు. "తనిఖీ అయ్యేదాక ఒక్క చుక్క పంపరాదు అవ్వా" అన్నావు. కన్నతల్లికే నియమాలు చెబుతున్నావని ఫోను పెట్టేశాను.

ఆ కోపంతోనే పాత కాంపౌండరు కాటమయ్య ఇంటికి పోయాను. "టీచరమ్మా, గీ కాయితాలు నిన్న మొన్న వచ్చినయి. నా చెయ్యి ఎన్నటి సందో కలుపుతాంది. ఫికర్ చెయ్యకు" అని వంటింట్లోనే అదే పొడి కలిపి సీసా చేతిలో పెట్టాడు.

పాలైనా కషాయమైనా నేను రుచి చూడనిదే ఈ ఇంట్లో ఎవరికీ పెట్టలేదని నీకు తెలుసు. కంటి మందును రుచి చూడటమంటే కంట్లో వేసుకోవడమే కదా అనుకున్నాను. ఆపరేషనైన నా ఎడమ కంట్లో రెండు రోజులు వేసుకున్నాను.

ఎరుపు, మంట వచ్చాయి. అవి చెప్పగలను. మూడోది ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న మధ్యాహ్నం మీ అమ్మ గడపలో ఎండకు ఎదురుగా నిలబడి ఉంది. "లోపలికి రా కోమలా, కంటికి ఎండ తగులుతుంది" అన్నాను. నా వెనక మంచం మీది నుంచి జవాబొచ్చింది: "ఎవలతోని మాట్లాడుతున్నవ్ అత్తమ్మా? నేనీడనే పండుకున్న."

ఎడమ కన్ను మూశాను. గడప ఖాళీ. తెరిచాను. ఆమె లోపలికి వచ్చి ఉంది. రెండు కళ్ళూ తెల్లగా ఉన్నాయి.

వయసు మీద పడిందని సరిపెట్టుకునేదాన్నే. కానీ ఈ ఉదయం, కాటమయ్య దగ్గరే ఈ కంటి మందు కొన్న ఉప్పలమ్మ నన్ను వీధిలో ఆపింది. "నీ కోడలికి జర చెప్పు టీచరమ్మా. పొద్దుగాల సంది మా ఇంట్ల నిలబడ్డది. పిలిస్తే పలుకది."

మీ అమ్మ పొద్దుటి నుంచి మంచం దిగలేదు.

"గా మందన్న జర పొయ్యి అత్తమ్మా, ఉన్న చూపు పోతాంది" అని ఆమె బతిమాలుతోంది. సీసా పగిలిందని అబద్ధమాడాను. గ్లోరీ, ఆ నియమం ఎందుకో నా కన్ను నాకు చెప్పింది. కానీ గది మూసినవాళ్ళు మందు ఇంకెక్కడ దొరుకుతుందో చెప్పలేదు. అది నువ్వు కనుక్కోవాలి.

ఇక జరగాల్సినవి:

1. అనుమతి ఉన్న గదిలో ఈ మందు కలిపే ఆసుపత్రి ఏదో తెలుసుకుని, ఉత్తరం అందిన రోజే బండి తీసుకుని రా.
2. బీరువాలో ఉన్న సీసాను పరీక్షకు ఇవ్వు. మూత తియ్యకు.
3. ఉప్పలమ్మను కూడా బండెక్కించు. ఇంకెవరెవరికి ఇచ్చాడో కాటమయ్యను నేను అడుగుతాను.
4. ఇంట్లోకి రాగానే "అమ్మా" అని పిలువు. పలికినామె చెయ్యే పట్టుకో.
5. నా కంటి సంగతి తర్వాత. రెండో ఆమె మీ వెంట రాకుండా నేను గడపకు అడ్డంగా కూర్చుంటాను.

నీ అవ్వ,
నాగులమ్మ