ఫాదర్ గారి బోడి సలాడ్

శ్రీమతి ఆగ్నెస్ సబోల్ గారికి, ప్రభువు నామాన ఆశీస్సులు.

నెబ్రాస్కా నుంచి మీ విచారణ గుడికి కొత్తగా వచ్చిన గురువును. ఈస్టర్ ముందు, మాంసం ముట్టని తపస్సుకాలపు తొలి శుక్రవారం మన గుడి హాల్లో చేపల విందు చక్కగా జరిపించారు. ఒక్క చిన్న సంగతి. నా సలాడ్‌లో పొరపాటున వేడి వేడి బంగాళాదుంప ఫ్రైస్ పడ్డాయి. వడ్డించినామె నొచ్చుకుంటుందని ఏమీ అనకుండా ఏరి పక్కన పెట్టాను.

ఇట్లు,
ఫాదర్ లియోనార్డ్ థీలెన్

తా.క.: చీజ్ తురుము కూడా పడింది. ఎవరికో చెయ్యి వణుకుతున్నట్టుంది, డాక్టరుకు చూపించండి.

*

ఫాదర్ గారికి నమస్కరించి ఆగ్నెస్ రాయునది.

మీరు దాచినా నాకు అర్థమైంది. తపస్సుకాలంలో మా ఆయన బీరు మానేసేవాడు, మీరు ఫ్రైస్ మానేశారు. గొప్ప చెప్పుకోవడం ఇష్టంలేక పొరపాటున పడ్డాయని రాశారు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఫ్రైస్ లేని సలాడ్ ఎక్కడుంటుంది? మీ త్యాగం సంగతి ఊరంతా చెప్పాను.

మీ విధేయురాలు,
ఆగ్నెస్

తా.క.: మిమ్మల్ని చూసి మా మరిది బౌలింగ్ ఆట మానేశాడు. రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడని వాళ్లావిడ మిమ్మల్ని తిడుతోంది.

*

ఆగ్నెస్ గారికి,

వ్రతమూ లేదు, త్యాగమూ లేదు. ఆకుకూరల మీద ఫ్రైస్ పోయడం నాకు నచ్చదు, అంతే. ఇకపై సలాడ్ మీద ఫ్రైస్ వేయరాదని వంటింటి తలుపుకు నోటీసు అంటించాను.

ఫాదర్ థీలెన్

తా.క.: మీ మరిదిని ఆడుకోమనండి.

*

ఆగ్నెస్ గారికి,

సలాడ్ మీద ఫ్రైస్ వద్దన్నాను. నిన్న మీరు ఫ్రైస్ మీద సలాడ్ వేసి వడ్డించారు. హాలంతా నవ్వింది. వంటింటి తాళాలు ఇచ్చేయండి.

ఫాదర్ థీలెన్

*

ఫాదర్ గారికి, తాళాలు పోయిన ఆగ్నెస్ నమస్కారాలు.

తాళాలు మీ గడప మీద పెట్టి, గరిటె పట్టుకుని ఎదురు వీధి పోలండ్ వాళ్ల గుడి హాలుకు పోయాను. ఉక్కు మిల్లు మూతబడి, మా ఆయన పోయాక ఆ వంటిల్లే నన్ను నిలబెట్టింది. పొమ్మన్నారు కదా, ఏడ్చాను, ఎందుకు దాచడం. వంగలేదు మాత్రం. నిన్న మన జనమంతా నా వరసలోనే నిలబడ్డారు. మీ హాల్లో మీరూ, గంట కొట్టే స్టీవూ, బోడి సలాడ్లూ మిగిలారట.

ఆ వరసలోకి మామూలు కోటు వేసుకుని బిషప్ గారొచ్చారు. ఆయన పుట్టిందీ ఈ పిట్స్‌బర్గ్ ఏటి ఒడ్డునే. ఫ్రైస్‌తో సహా పళ్లెం ఊడ్చేసి, "ఏమ్మా ఆగ్నెస్, మీ గుడి వదిలి ఇక్కడ వండుతున్నావేం? కొత్త ఫాదరు ఏమైనా అన్నాడా?" అని అడిగారు. అందరూ తినడం ఆపి నా మొహం చూశారు.

"మా వేపుడు పొయ్యి పాడైందండీ. ఆయన బంగారం" అన్నాను.

మా ఫాదర్‌ని మేం ఎన్నైనా అనుకుంటాం. పైవాళ్ల చేత ఒక్క మాట పడనివ్వం.

వచ్చే శుక్రవారం మన హాల్లోనే తింటానన్నారు బిషప్ గారు. కాబట్టి ఈలోగా పొయ్యి బాగవ్వాలి. తాళాలు నాకు పంపించండి. నోటీసు మాత్రం మీ చేత్తోనే చింపండి.

అప్పుడూ ఇప్పుడూ మీ విధేయురాలే,
ఆగ్నెస్ సబోల్

తా.క.: శనివారం మీ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వస్తున్నాను. బిషప్ గారికి రెండు అబద్ధాలు చెప్పాను. పొయ్యి పాడైందన్నది ఒకటి, మీరు బంగారమన్నది రెండోది. ప్రాయశ్చిత్తం కాస్త చూసి వేయండి.