కొత్త గదిలోకి ఎవరూ వెళ్ళొద్దు

వెర్నన్, రాగానే పొయ్యి మీది సూప్ వేడి చేసుకుని, మీ అమ్మకూ పెట్టు. కొత్త గదిలోకి మాత్రం వెళ్ళకు, ఆమెను అసలే వెళ్ళనివ్వకు. కప్పుకు ఆనించిన కర్రలు కదిలించకు.

నువ్వు కనుమ దారిలో మంచు తీయడానికి వెళ్ళాక కట్టడాలు తనిఖీ చేసే కౌంటీ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. తాను చూడకముందే మీ తమ్ముడు క్లింట్ కప్పును లోపలివైపు చెక్కలతో మూసేశాడని, అవి విప్పించింది. దూలాలను గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీ ఒక్కటి లేదు. అంతా మేకుల మీదే నిలబడింది.

"మేం ఎప్పుడూ ఇట్లాగే కడతాం. ఏ కప్పు కూలింది?" అన్నాడు క్లింట్.

"మీ బాబాయి పశువుల కొట్టం కూలలేదూ?" అన్నాను.

"ఆ ఏడు మంచు ఎక్కువ పడింది వదినా!"

కొలరాడో కొండల్లో మంచు కాక పంచదార పడుతుందా?

పైగా మన కౌంటీలో వాడికి ఇళ్ళు కట్టే లైసెన్సే లేదట. ఆమె పని ఆపించేసింది. ఎవరిల్లు వాళ్ళు కట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. వెంటనే పర్మిట్ నా పేరుకు మార్పించాను. ఇక మేస్త్రీని నేను, కూలీవి నువ్వు. నెల రోజులుగా నెత్తీనోరూ కొట్టుకుని చెబితే, "తమ్ముణ్ణి నమ్మకపోతే ఎట్లా?" అన్నావు. నమ్ము, వద్దనను. కానీ ఆ కప్పు కింద పడుకోబోయేది మీ అమ్మ.

లొరీన్

క్లింట్‌ను తిట్టకు. వెళ్ళబోతూ అమ్మ మంచం ఎక్కడ వేస్తారని అడిగాడు. చూపించాను. పైకి చూసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. రేపు పట్టీలు తెస్తాడు. వాడూ నా కూలీయే.