ముఖం వేయని బొమ్మ

సెయింట్ ఐవ్స్,
నవంబరు 1938.

శ్రీమతి ట్రెవారో గారికి,

పడవ మునిగి పోయిన మీ ఆయనది ఫోటో ఒక్కటీ లేదనీ, నేను వేసిన బొమ్మ ఇమ్మనీ రాశారు. పంపుతున్నాను. కానీ అందులో ముఖం లేదమ్మా. వల లాగుతున్న ముగ్గురి ఒంటి వంపులే ఉన్నాయి. నా చిత్రాలకు అవే చాలనుకునేవాణ్ణి. మీ ఆయన జేబెజ్ అప్పుడే అది చూసి నవ్వాడు.

"ముక్కూ మొహం లేకుండా ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మం దాటనివ్వదయ్యా" అన్నాడు.

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ ముఖం వేద్దామని నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. మూడు వారాలు నా ఎదుట నిలబడ్డ మనిషి. ఆ కళ్ల రంగేమిటో నాకు తెలియదు. నేను చూడలేదు.

ఇందులో నాన్న ఎవరని మీ అమ్మాయి అడిగితే మధ్యలో మనిషిని చూపించండి. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. అది మాత్రం అచ్చం జేబెజే.

ఇట్లు,
మీ ఆయన బొమ్మ వేసినవాడు.