బాపు దగ్గు

గురువారం

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంటర్‌తో చదువు ఆపి మోటార్ వైండింగ్ నేర్చుకున్నాను. గోదావరిఖనిలో సొంత షాపు పెట్టాను. ఎండాకాలం వస్తే రిపేరు కూలర్లు రోడ్డు దాకా వరుస కడతాయి. నస్పూర్ నుంచి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పిల్ల తండ్రి మాత్రం ఆ షాపు వైపు తొంగి కూడా చూడలేదు. నేరుగా బాపునే అడిగాడు.

"బావా, నువ్వు ఎప్పుడు అన్‌ఫిట్ అయితవు? పిలగాడు డ్యూటీ ఎప్పుడు ఎక్కుతడు?"

ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగే మాటేనా అది! బాపు జబ్బుపడి బొగ్గుబాయి డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు తేలిస్తే ఆ ఉద్యోగం నాకు వస్తుందట. అప్పుడు పిల్లనిస్తాడట.

"నాకు షాపుంది మామా, బాపు నౌకరి నాకెందుకు?" అన్నాను.

"షాపు ఉంటే ఉండనియ్యి. నౌకరి అయితే మా పిల్లకు ఫికర్ ఉండదు" అని నవ్వాడు.

ఆయన మీద కంటే బాపు మీదే ఎక్కువ కోపంగా ఉంది. ఏనాడూ దవాఖాన గడప తొక్కని మనిషి, సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని, వాళ్ళ ముందు ఛాతీ పట్టుకుని దగ్గాడు.