చిలప మీద నా ఫొటో

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ నేనూ, పదకొండు కుందేళ్ళూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మరదలూ, కొట్టుకు పెట్టించిన కొత్త అద్దాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

చేతి నొప్పి ఎలా ఉందని అడిగావు. బొటనవేలి దగ్గర వాపు తగ్గలేదు. తగ్గినా నీకు ఒరిగేదేమీ లేదు. ముసలి కుందేలు బొచ్చు ఇంకా ఇస్తోందా అన్నావు. ఇస్తోంది. ఒళ్ళో పెట్టుకుని దువ్వితే ఊడివచ్చినంతే తీసుకుంటాను. నీలా పీక్కుతినడం నాకు చేతకాదు. నెలకు రెండు చిలపల నూలేనా, కాస్త చురుగ్గా వడకకూడదా అని కూడా రాశావు. అంగోరా కుందేలు బొచ్చు పత్తి కాదురా. తొందరపడి లాగితే జారిపోతుంది, పురి ఎక్కువైతే తాడైపోతుంది. రాట్నం ముందు రెండు పూటలు కూర్చోలేక పారిపోయినవాడివి, నాకు వేగం నేర్పుతున్నావు.

నీ కొట్టుకు వచ్చే జనం చిలపను చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంటారట. వాళ్ళకు మెత్తనిదల్లా మేలైనదే. వాళ్ళకు తగ్గ కొట్టు, కొట్టుకు తగ్గ నువ్వు.

పోయిన నెల ఒక సంగీతం టీచరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఈ ఊరి మనిషే, రిటైరయింది. నీ దగ్గర కొన్న నూలుతో కూతురికి శాలువా అల్లుతుంటే సగంలో నూలు అయిపోయిందట. ఆమె తెచ్చిన, చిలపకు చుట్టే అట్ట మీద నా ఫొటో, కింద ‘మా అక్క చేతి వడుకు’ అని రాసి ఉంది. చివర మిగిలిన కాస్త నూలు వేళ్ళ మధ్య పెట్టుకోగానే నాకు అనుమానం వచ్చింది. మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. ఆమెకు మంచినీళ్ళు తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్ళి కొస తుంచి వెలిగించాను. వెంట్రుక కాలిన వాసన రాలేదు. కరిగి నల్లపూసలా గట్టిపడింది. అదంతా మిల్లు సరుకు, ప్లాస్టిక్కు. నా రెండు చిలపలతో నీ అలమారాలు ఎలా నిండుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఏకై వచ్చి మేకయ్యావు.

ఇంతవరకూ రాయలేక దాటవేసింది ఒకటుంది. నేను బయటికి రాగానే ఆమె, “ఇది మీరు వడికిందేనాండీ?” అని అడిగింది. “నాదే” అన్నాను.

ఆ మాట కడుక్కుందామని పది రోజులు కూర్చుని అసలైన అంగోరా వడికి ఆమెకు ఇచ్చాను. నిన్న దాన్నీ, సగం అల్లిన శాలువానూ పట్టుకుని తిరిగి వచ్చింది. “ఇది మీ చేతి పనిలా లేదండీ, ఎగుడుదిగుడుగా ఉంది. ఎవరిచేతనో వడికించినట్టున్నారు” అంది. నేను రాట్నం ముందు కూర్చుని, ఆమె చూస్తుండగా మూరెడు వడికి ఆ చిలప పక్కన పెట్టాను. రెండూ ఒకటే. అప్పుడు నీ సరుకు సంగతి చెప్పాను.

“మరి ఆ రోజు మీదే అన్నారేం?”

“మా తమ్ముడు కదండీ.”

శాలువా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. నిన్ను తలచుకున్నప్పుడల్లా నా మొహంలో ఉండే అసహ్యమే ఆమె మొహంలో కనిపించింది. నాకు కోపం రాలేదు.

ఈ ఉదయం నీకని ఉంచిన రెండు చిలపలూ ఆమె ఇంటికి పట్టుకెళ్ళాను. లోపల హార్మోనియం వినిపిస్తూనే ఉంది. తలుపు తీయలేదు. గుమ్మంలో పెట్టి వచ్చేశాను. నీకు ఇక నూలు రాదు. అట్టల మీద నా ఫొటో తీసెయ్యి.

ఇట్లు,
నీకోసం అబద్ధమాడిన
అక్క