అమ్మ వేసుకునే గోలీలు

దుబాయి

లచ్చక్కకు తమ్ముడు నర్సయ్య శనార్తులు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ మంచిగున్నారని అనుకుంటున్నాను. నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు. ఫోన్ చేస్తే అమ్మ నీ పక్కనే కూర్చుని ప్రతి మాటా వింటుంది. అందుకే రాయికల్ వస్తున్న మనిషి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ఇది ఆమెకు చదివి వినిపించకు.

ఇక్కడి ఎండ గురించి ఏం చెప్పను అక్కా! సెంట్రింగ్ ఇనుము పట్టుకుంటే అరచేతులు కాలుతున్నాయి. మూత్రానికి పోవాలంటే నాలుగు అంతస్తులు దిగాలి, అందుకని నీళ్లే తక్కువ తాగేవాణ్ణి. రూముకు వచ్చేసరికి నడుము పట్టేసేది. ఒక నొప్పి గోలీ, ఇంత అన్నం, పండుకోవడం. టీవీలో మన దగ్గరి బంద్‌లు, ధర్నాలు చూపిస్తే మాత్రం అందరం లేచి కూర్చుంటాం. "తెలంగాణ అస్తే నువ్వు గూడ ఇంటికస్తవారా?" అని రూములో ఉండే కోరుట్ల యాదగిరి ఎగతాళి చేస్తాడు. నవ్వడానికి కూడా ఓపిక ఉండదు.

పోయిన శుక్రవారం ఆ యాదగిరే ఒక పాత పేపరు చదివి వినిపించాడు. రాబందులు ఎందుకు లేకుండా పోయాయో అందులో రాశారు. మన ఎద్దు చచ్చినప్పుడు ఊరి బయట ఎన్ని వాలాయో యాదికుందా? నాకంటే పెద్దదానివై ఉండి నా వెనుక దాక్కున్నావు. ఇప్పుడు ఒక్కటీ కనిపించదు. పశువులకు నొప్పి తగ్గాలని ఒక మందు సూది వేస్తారట. ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయట. మందు పేరు కూడా వేశారు, డైక్లోఫెనాక్. నా గోలీల పట్టీ తీసి చూస్తే దాని మీదా అదే పేరు!

"అరే, నువ్వేమన్న రాబందువా? ఊకో" అన్నాడు యాదగిరి. నా మనసు ఊకోలేదు, క్లినిక్‌కు పోయాను. పక్షి వేరు, మనిషి వేరు, భయపడకు అన్నాడు డాక్టర్. కానీ నీళ్లు తాగకుండా రోజూ ఇవి మింగితే మనిషి కిడ్నీలు కూడా దెబ్బతింటాయట. రక్తం చూసి, నీకు కొంచెం మొదలైంది, ఇప్పుడే మానేయమన్నాడు. మానేశాను. నీళ్లు బాగా తాగుతున్నాను, ఎన్నిసార్లయినా దిగుతున్నాను. నా గురించి ఏడవకు.

నా భయమంతా అమ్మ గురించే. బీడీలు చుట్టి చుట్టి మెడ గుంజుతోందంటే ఈ గోలీల డబ్బా పంపింది నేనే కదా! "నా కొడుకు దుబాయి నుంచి పంపిండు, మనూరి గోలీలసొంటియి కావు" అని వాడకట్టంతా చెప్పుకుంటూ పొద్దుకొకటి, మాపుకొకటి వేసుకుంటోంది. ఎవరూ అడగకుండా డాక్టర్‌నైపోయాను, నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. మొన్న ఫోన్‌లో "కాళ్లు ఉబ్బినయి కొడుకా" అంది. కిడ్నీలు చెడితే అలాగే ఉబ్బుతాయట. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

బస్సులు నడిచిన రోజే ఆమెను జగిత్యాల తీసుకుపోయి రక్తం, మూత్రం పరీక్ష చేయించు. బంద్ అయితే ఆటో అయినా మాట్లాడు. డబ్బాలో మిగిలినవన్నీ తీసేయి. రాబందుల సంగతి చెబితే నవ్వుతుంది, నమ్మదు. "తమ్ముడు ఇగ గోలీలు పంపడట" అను, అంతే. కొడుకు మారిపోయాడని ఏడుస్తుంది, తిడుతుంది. నువ్వు నన్ను వెనకేసుకు రాకు.

బావకు, పెద్దబాపుకు నా శనార్తులు చెప్పు. పిల్లలకు ముద్దులు. అమ్మ దీవెనలు మాత్రం ఇప్పుడప్పుడే నా కోసం అడగకు. నన్ను తిట్టనీ అక్కా. వందేళ్లు బతికి తిట్టనీ.

నీ తమ్ముడు
నర్సయ్య